కొత్త సాల్ట్ వాటర్ ట్యాంక్‌లో మొదటి పగడం: ఎప్పుడు వేయాలి, ఏది వేయాలి, ఎలా వేయాలి?

అరసవల్లి నుంచి మాట్లాడుతున్నాను. సాల్ట్ వాటర్ ట్యాంక్ ఎలా సెట్ చేయాలో పోయిన ఎపిసోడ్లలో చూశాం కదా. ఆ వీడియోల కింద ఎక్కువమంది అడిగింది ఒకటే: "అన్నా, కోరల్ ఎప్పుడు వేయొచ్చు? ఏది వేస్తే చావదు?"

ఈరోజు దానికే జవాబు. ఎపిసోడ్ కొంచెం పెద్దదే. కానీ ఇందులో డబ్బు పోయే సంగతి ఉంది, కేసు పడే సంగతి ఉంది, ఇంట్లో వాళ్ల ప్రాణం మీదకి వచ్చే సంగతి కూడా ఉంది. అందుకని స్కిప్ కొట్టకుండా చివరిదాకా చూడండి.

పగడం రాయి కాదు, మొక్క కాదు

మన ఊళ్లో పగడం అంటే ముందు గుర్తొచ్చేది ఉంగరం. కుజ దోషం అని చెప్పి వేలికి పెట్టుకునే ఎర్ర పగడం. అది మధ్యధరా సముద్రం లాంటి చోట్ల లోతుల్లో పెరిగే ఒక జీవి అస్థిపంజరం. మన ట్యాంకుల్లో పెంచే పగడాలు దానికి దూరపు చుట్టాలు. ఇంటికొచ్చిన వాళ్లు వీటిని చూసి, "ఇదేటి బావా, రాయికి పువ్వు పూసిందేటి?" అంటారు. రాయి కాదు, పువ్వు కాదు, ఇది జంతువు. నోరుంటుంది, చుట్టూ టెంటకిల్స్ ఉంటాయి. ఇలాంటి ఒక్కొక్క చిన్న జీవిని పాలిప్ అంటారు.

అసలు తమాషా ఏంటంటే, ట్యాంకుల్లో పెంచే పగడాల్లో చాలావాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. దాని పేరు జూజాంతెల్లే. ఈ నాచు వెలుగు తీసుకుని చక్కెరలు తయారు చేస్తుంది, అందులో ఎక్కువ భాగం పగడానికి ఇస్తుంది. బదులుగా పగడం దానికి ఉండటానికి చోటు, ఎరువు ఇస్తుంది. మన ఆదిత్యుడి గుడిలో మార్చిలోనూ అక్టోబర్‌లోనూ కిరణాలు మూలవిరాట్టు మీద పడటం చూడటానికి జనం తెల్లారకుండానే లైన్లో నిలబడతారు. పగడానికి రోజూ అదే పని, వెలుగు పడితేనే దానికి తిండి. ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే మిగతా సగం మీకే అర్థమైపోతుంది.

కొనే ముందు చట్టం తెలుసుకోండి

నేను లాయర్‌ని కాదు. కానీ ఈ హాబీలోకి వచ్చేవాళ్లకి ఇది ఎవరూ చెప్పట్లేదు కాబట్టి ముందు ఇదే చెబుతున్నాను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ అని ఒకటుంది. పులి ఉన్నది అందులోనే. 2001 జూలైలో అందులోకి పగడాలని కూడా చేర్చారు. రాతి పగడాలు అన్నీ, నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు ఆ జాబితాలో ఉన్నాయి. సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా అప్పుడే చేరాయి. మొదటి షెడ్యూల్ జీవుల కేసులో శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25 వేలు.

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఒకటి, బతికున్న పగడమే కాదు, చచ్చిన పగడపు ముక్క కూడా ఈ చట్టం కిందకే వస్తుంది. బీచ్ దగ్గర తెల్లగా, కొమ్మలు కొమ్మలుగా అమ్మే "షో రాయి" కొని ట్యాంక్‌లో పెట్టొద్దు. "లైవ్ రాక్" పేరుతో సముద్రంలో పగలగొట్టి తెచ్చే రాళ్లు కూడా చాలావరకు పాత పగడాలే. సిరామిక్‌తోనో సిమెంట్‌తోనో చేసిన రాళ్లు దొరుకుతాయి, బాక్టీరియాకి అవి చాలు.

రెండు, వాట్సాప్ గ్రూపుల్లో హ్యామర్, టార్చ్, అక్రోపోరా అని మెరిసే ఫోటోలు వస్తుంటాయి. అవన్నీ రాతి పగడాలే. విదేశం నుంచి తెచ్చామన్నా సరే, అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంటాయి కాబట్టి పర్మిట్ లేకుండా దేశంలోకి రాకూడదు. సైటీస్ జాబితాలోని బతికున్న జంతువుల్ని ఇంట్లో ఉంచుకుంటే పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024లో రూల్స్ కూడా వచ్చాయి. అమ్మేవాడు "అందరూ పెంచుతున్నారు బ్రో" అంటాడు. రేపు అటవీ శాఖ వాళ్లు వస్తే ఆ "అందరూ" మీ ఇంటికి రారు.

ఈరోజు నేను చెప్పబోయేవి మెత్తటి పగడాలు, వాటికి దగ్గర జాతులు. 2001లో చేర్చిన జాబితాలో ఇవి లేవు. అయినా బిల్లు అడగండి, ఎక్కడ పెరిగిన ముక్కో అడగండి. వేరే హాబీయిస్ట్ ట్యాంక్‌లో కోసి పెంచిన ముక్క అయితే అన్నిటికన్నా మంచిది. దాన్నే ఫ్రాగ్ అంటారు. సముద్రానికి నష్టం లేదు, ట్యాంక్ జీవితానికి ముందే అలవాటుపడి ఉంటుంది.

ట్యాంక్ రెడీ అయిందా, లేదా?

నీళ్లు తేటగా కనిపిస్తే ట్యాంక్ రెడీ అయిపోయినట్టు కాదు. ముందు నైట్రోజన్ సైకిల్ పూర్తవ్వాలి. చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా వస్తుంది, బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బాక్టీరియా రాళ్ల మీద కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ సింపుల్. ట్యాంక్‌లో 2 పీపీఎం దాకా అమ్మోనియా వేయండి. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తే సైకిల్ అయినట్టు. చేపలున్న ట్యాంక్‌లో మాత్రం ఈ పని చేయకండి.

తర్వాత గోధుమ రంగు పొడిలాంటి డయాటమ్స్ వస్తాయి, వెనకే పచ్చ నాచు వస్తుంది. చూడటానికి అసహ్యంగా ఉంటుంది, కంగారుపడకండి. ప్రతి కొత్త ట్యాంక్‌కీ ఈ దశ ఉంటుంది. ఇది తగ్గుముఖం పట్టాక, అంటే రెండు మూడు నెలలకి, మొదటి పగడం వేస్తే బతికే అవకాశం బాగా పెరుగుతుంది. ఆత్రంగా రెండో వారమే వేస్తే, నాచు దాని మీద కూడా పాకి ఊపిరి ఆడకుండా చేస్తుంది.

కళింగపట్నం నీళ్లు తెచ్చుకోవచ్చా?

ఇది మన జిల్లా వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. "సముద్రం పక్కనే ఉంది కదా, రెండు డ్రమ్ములు తెచ్చుకుంటే ఉప్పు ఖర్చు మిగుల్తుంది కదా?"

ఆలోచించండి. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. నాగావళి కూడా మన జిల్లాలోనే కలుస్తుంది. వానాకాలంలో నది నీళ్లు వచ్చి తీరంలో ఉప్పు శాతం పడిపోతుంది, బురద వస్తుంది, పొలాల ఎరువులు వస్తాయి. మన తీరంలో లక్షద్వీప్‌లో లాగా పగడపు దిబ్బలు ఎందుకు లేవంటే, ముఖ్య కారణాల్లో ఇదొకటి. నదులు తెచ్చే మంచినీళ్లు, ఒండ్రు వాటికి పడవు. ఇండియాలో పెద్ద పగడపు దిబ్బలు ఉన్నది కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, పాక్ బే, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలో. సముద్రంలోనే దిబ్బ కట్టనివ్వని నీళ్లు ట్యాంక్‌లో పోస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అందుకని ఆర్‌ఓ నీళ్లు, వాటిలో రీఫ్ సాల్ట్. ఇంటి ఆర్‌ఓ నుంచి వచ్చే నీళ్లలో కొంత టీడీఎస్ మిగులుతుంది, దాని వెనక డీఐ రెజిన్ కార్ట్రిడ్జ్ ఒకటి తగిలిస్తే సున్నాకి వస్తుంది. తాగడానికి మినరల్స్ కలిపే ఆర్‌ఓ అయితే, ఆ కార్ట్రిడ్జ్‌కి ముందే నీళ్లు పట్టుకోండి. లీటరుకి సుమారు 35 నుంచి 40 గ్రాముల ఉప్పు పడుతుంది, ప్యాకెట్ మీద చూసుకోండి. వంటింటి ఉప్పు, కల్లుప్పు పనికిరావు. రాత్రంతా చిన్న మోటార్ పెట్టి కలవనిచ్చి, పొద్దున 35 పీపీటీ చూసుకుని వాడండి.

రొయ్యల చెరువుల వాళ్ల లెక్కలు మనకి పనికొస్తాయి

మనకున్న అదృష్టం ఇది. తీరం పొడుగునా ఆక్వా ఉంది. రొయ్యల రైతు దగ్గర రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది, ఆక్వా ల్యాబ్‌లో అమ్మోనియా, నైట్రైట్, అల్కలినిటీ, కాల్షియం టెస్టులు చేస్తారు. టెస్ట్ కిట్లు కొనేదాకా అక్కడ చూపించుకోవచ్చు. కాకపోతే వాళ్ల రిపోర్ట్ చదివేటప్పుడు ఒక చిక్కుంది.

పగడాలు పెంచేవాళ్లు అల్కలినిటీని డీకేహెచ్‌లో చెబుతారు. ల్యాబ్ వాళ్లు పీపీఎంలో ఇస్తారు. 1 డీకేహెచ్ అంటే సుమారు 17.9 పీపీఎం. మనకి కావాల్సిన 8 నుంచి 9 డీకేహెచ్, వాళ్ల రిపోర్ట్‌లో 143 నుంచి 161 మధ్య కనిపిస్తుంది. కాల్షియం కూడా అంతే. రిపోర్ట్‌లో "కాల్షియం హార్డ్‌నెస్" అని ఉంటే ఆ అంకెని 2.5తో భాగించండి. 1000 హార్డ్‌నెస్ అంటే 400 కాల్షియం అన్నమాట. ఈ తేడా తెలియక, రిపోర్ట్‌లో 1000 చూసి ఎక్కువైపోయిందని భయపడేవాళ్లున్నారు. నిజానికి ఆ నీళ్లు సరిగ్గానే ఉన్నట్టు.

స్క్రీన్‌షాట్ తీసుకోండి, మనకి కావాల్సినవి ఇవి:

ఉప్పు శాతం 35 పీపీటీ, అంటే 1.025–1.026. వేడి 25–27 డిగ్రీలు. పీహెచ్ 8.0–8.4. అల్కలినిటీ 8–9 డీకేహెచ్. కాల్షియం 400–450. మెగ్నీషియం 1250–1350. నైట్రేట్ 2–15. ఫాస్ఫేట్ 0.03–0.1.

నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా ఉండాలని చాలామంది అనుకుంటారు. వద్దు. మెత్తటి పగడాలకి కొంచెం "మురికి" కావాలి, మరీ కడిగేసినట్టున్న నీళ్లలో అవి ముడుచుకుపోతాయి. ఇంకొకటి, ఏ అంకె అయినా కచ్చితంగా ఉండటం కన్నా నిలకడగా ఉండటం ముఖ్యం. రోజూ 8 ఉన్నా బతుకుతుంది, రోజూ 9 ఉన్నా బతుకుతుంది. ఇవాళ 7, రేపు 10 అయితే బతకదు.

ఏవి కొనాలి?

మొదటిది మష్రూమ్. డిస్కోసోమా, రోడాక్టిస్ అనే రకాలు. తక్కువ వెలుగు, తక్కువ ప్రవాహం చాలు. ట్యాంక్ కింది భాగంలో పెట్టండి. చేసే తప్పుల్ని ఎక్కువగా ఓర్చుకునేది ఇదే.

రెండోది లెదర్ కోరల్, అందులోనూ సార్కోఫైటన్. కుక్కగొడుగు ఆకారంలో ఉంటుంది. ఇది అప్పుడప్పుడు ముడుచుకుని, ఒంటి మీద మైనంలాంటి పొర కట్టి, నాలుగైదు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు అలాగే ఉంటుంది. చచ్చిపోయిందని తీసి పారేయకండి. అది కుబుసం విడవడం లాంటిది. కొంచెం ప్రవాహం పెంచితే పొర ఊడిపోయి మళ్లీ విచ్చుకుంటుంది.

మూడోది కెన్యా ట్రీ. చిన్న చెట్టులా ఉంటుంది. కొమ్మలు రాల్చుకుంటుంది, ఆ కొమ్మ ఎక్కడ పడితే అక్కడ ఇంకో చెట్టు.

నాలుగోది జోయాంథిడ్స్, అందరూ ముద్దుగా "జోవాస్" అంటారు. రంగురంగుల బొత్తాల్లా చాలా అందంగా ఉంటాయి. కానీ వీటి గురించి కింద చెప్పేది వినకుండా కొనొద్దు.

జీనియా కూడా తేలికే, పిడికిలి మూసి తెరిచినట్టు కదులుతుంటుంది. కానీ గుర్రపుడెక్క చెరువంతా అల్లుకున్నట్టు ట్యాంకంతా అల్లుకుంటుంది. వేయాలనుకుంటే వేరే రాయి మీద, విడిగా వేయండి.

పాలీటాక్సిన్: దీన్ని మాత్రం ఈజీగా తీసుకోకండి

కొన్ని జోయాంథిడ్స్‌లో, ముఖ్యంగా పాలీథోవా రకాల్లో, పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయి పరిశోధకులు దీన్ని వేరుచేశారు. సముద్రంలో దొరికే అతి ఘాటైన విషాల్లో ఇదొకటి. దీనికి విరుగుడు మందు లేదు, వచ్చిన లక్షణాలకి వైద్యం చేయడమే.

చేత్తో తాకగానే ఏదో అయిపోతుందని కాదు. ప్రమాదం మూడు రకాలుగా వస్తుంది. చేతి మీద తెగిన గాయం ఉంటే, కోసేటప్పుడు రసం కంట్లోకి చిమ్మితే, లేదా ఆవిరి పీలిస్తే. ఈ మూడోది అన్నిటికన్నా ఘోరం. వేరే దేశాల్లో కుటుంబాలకి కుటుంబాలు ఆసుపత్రి పాలైంది ఎక్కువగా ఇలాగే. జోవాస్ అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని మరిగించారు, లేదా వేడినీళ్లు పోసి బ్రష్‌తో తోమారు. ఆ ఆవిరి ఇల్లంతా నిండింది.

కాబట్టి రూల్స్: గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా జోవాస్ ముట్టుకోవద్దు. ట్యాంక్ రాయిని ఎప్పుడూ, ఎందుకూ మరిగించొద్దు. వంటింటి సింక్‌లో కడగొద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. నోట్లో చేదుగా, లోహం రుచిగా అనిపించినా, ఊపిరి పట్టేసినట్టు ఉన్నా, కళ్లు మండినా, వెంటనే బయట గాలిలోకి వెళ్లి, ఆసుపత్రికి వెళ్లండి. డాక్టర్‌కి "పాలీటాక్సిన్" అనే మాట చెప్పండి, కాగితం మీద రాసి ఇవ్వండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మొదటి ఏడాది జోవాస్ జోలికే వెళ్లకండి. మష్రూమ్, లెదర్ చాలు.

పార్సిల్ వచ్చిన రోజు

మన దగ్గరికి పగడాలు ఎక్కువగా పెద్ద నగరాల నుంచే వస్తాయి. ఏప్రిల్, మే ఎండల్లో ఆర్డర్ పెట్టకండి, ప్యాకెట్ దారిలోనే ఉడికిపోతుంది.

వచ్చాక ముందు ట్యాంక్ లైట్లు ఆపేయండి. ప్యాకెట్ విప్పకుండా 15–20 నిమిషాలు నీళ్ల మీద తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. తర్వాత ఒక గిన్నెలో పెట్టి, సన్న ట్యూబ్‌తో చుక్కలు చుక్కలుగా ట్యాంక్ నీళ్లు అరగంట పట్టనివ్వండి. ఆ తర్వాత కోరల్ డిప్. సీసా మీద రాసినంతే, సాధారణంగా ఐదు పది నిమిషాలు. చిన్న చిన్న పురుగులు, పీతలు, చదును పురుగులు ఊడి కింద పడతాయి. ఆ తర్వాత శుభ్రమైన ట్యాంక్ నీళ్లలో ఒకసారి జాడించి లోపల పెట్టండి. ప్యాకెట్ నీళ్లు, డిప్ నీళ్లు ట్యాంక్‌లో పోయొద్దు. ఫ్రాగ్ అంటించిన పాత బిళ్లని వీలైతే మార్చేయండి. ఐప్టేషియా అనే కలుపు అనిమోన్ దాని మీదే దాక్కుని వస్తుంది.

వెలుగు, ప్రవాహం, చోటు

కొత్తగా వచ్చిన పగడానికి మొదటి రోజే ఫుల్ లైట్ పెడితే, ఆసుపత్రి నుంచి వచ్చినవాణ్ణి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టినట్టే. లైట్ 50 శాతం నుంచి మొదలుపెట్టి, వారానికి 10 శాతం చొప్పున పెంచండి. రోజుకి 8–9 గంటలు చాలు, టైమర్ పెట్టేయండి. వెలుగు కొలిచే పార్ మీటర్ ఎవరి దగ్గరైనా దొరికితే, మెత్తటి పగడాలకి 50–100 సరిపోతుంది.

వేవ్‌మేకర్ గాలి తిన్నగా పగడం మొహాన కొట్టకూడదు. వరిచేలో గాలికి ఊగినట్టు మెల్లగా ఊగాలి. అంతే.

చోటు విషయానికొస్తే, పక్కపక్కనే అతికించకండి. లెదర్ పగడాలు పక్కవాటిని ఎదగనివ్వకుండా నీళ్లలోకి రసాయనాలు వదులుతాయి. కనీసం జానెడు దూరం పెట్టండి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేసి నెలకోసారి మార్చండి. ఒకసారి పెట్టాక రెండు వారాలు కదపొద్దు. రోజూ చోటు మార్చేవాళ్ల ట్యాంక్‌లో ఏదీ విచ్చుకోదు.

ఒకేసారి ఐదు కొనకండి. ఒక్కటి వేసి నెల రోజులు చూడండి. అది బాగుంటే రెండోది.

ఎండాకాలం, తుఫాను

నీళ్లు మామూలు కన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువై వారాల తరబడి అలాగే ఉంటే, పగడం తన ఒంట్లోని నాచుని బయటికి గెంటేస్తుంది. రంగు పోయి తెల్లబడుతుంది. దాన్నే బ్లీచింగ్ అంటారు. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి సామూహిక బ్లీచింగ్ జరుగుతోందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. అదే వేసవిలో మన లక్షద్వీప్‌లో కూడా పగడాలు తెల్లబడ్డాయి. సముద్రంలో జరిగిందే మన హాల్లో మేలో జరుగుతుంది.

నీటి మీదకి ఫ్యాన్ పెడితే ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ మన తీరంలో ఉక్కపోత రోజుల్లో అది అంతగా పనిచేయదు, గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి. ట్యాంక్ 28 దాటుతుంటే చిల్లరో, ఆ గదికి ఏసీయో తప్పదు. అది భరించలేం అనుకుంటే ఇప్పుడే పగడాలు వేయకండి, చేపలతో సరిపెట్టుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు.

ఆవిరైన నీళ్ల బదులు ఉప్పు నీళ్లు పోయొద్దు. ఉప్పు ఆవిరి కాదు కదా. 100 లీటర్లలో 5 లీటర్లు తగ్గితే 35 పీపీటీ కాస్తా దాదాపు 37 అవుతుంది. మంచి ఆర్‌ఓ నీళ్లే పోయాలి.

ఇక కరెంటు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక మన జిల్లాలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. ట్యాంక్ పెట్టేవాళ్లు ఇది లెక్కలో వేసుకోవాల్సిందే. కరెంటు పోతే ముందు వచ్చే సమస్య చీకటి కాదు, ఆక్సిజన్. మెత్తటి పగడాలు మూడు నాలుగు రోజులు లైట్ లేకపోయినా ఉంటాయి, కదలని నీళ్లలో కొన్ని గంటలే. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి కొని పెట్టుకోండి. 12 వోల్టుల వేవ్‌మేకర్ అయితే పాత బైక్ బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. ఏమీ లేకపోతే మగ్గుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉండండి. తిండి మాత్రం వేయొద్దు, కుళ్లి ఉన్న ఆక్సిజన్ కూడా తినేస్తుంది.

వద్దనుకుంటే సముద్రంలో వదలకండి

ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోతున్నారు, ట్యాంక్ తీసేయాలి. అప్పుడు కళింగపట్నమో భీమిలో తీసుకెళ్లి పగడాన్ని నీళ్లలో వదిలేద్దాం, పుణ్యం వస్తుంది అనుకోకండి. వెనిజులా తీరంలో ఉనోమియా అనే ఒక మెత్తటి పగడం ఉంది. అది అక్కడిది కాదు, అక్వేరియంల కోసం తెచ్చిన రకం సముద్రంలోకి చేరింది. ఇప్పుడు అక్కడి అసలు పగడాల్ని, సముద్రపు గడ్డిని కప్పేస్తూ పాకుతోంది. తేలికగా పెరుగుతుందని మనం మెచ్చుకుని కొన్న గుణమే అక్కడ శాపమైంది. వేరే హాబీయిస్ట్‌కి ఇచ్చేయండి, ఎవరో ఒకరు సంతోషంగా తీసుకుంటారు.

సరే ఫ్రెండ్స్, మొత్తం కలిపి చెప్పాలంటే: సైకిల్ అయ్యాక రెండు మూడు నెలలు ఆగండి. చట్టం కిందకి రాని మెత్తటి రకాలే, బిల్లుతో కొనండి. మొదట ఒక మష్రూమ్, నెల తర్వాత ఒక లెదర్. వారానికి పది శాతం నీళ్లు మార్చండి. బ్యాటరీ పంప్ రెడీగా ఉంచండి.

మీ ట్యాంక్ వయసెంత, మీ ఊళ్లో మే నెలలో నీళ్ల వేడి ఎంత ఉంటోంది? ఈ రెండూ కామెంట్‌లో రాయండి. వాటిని బట్టి తర్వాతి ఎపిసోడ్‌లో తక్కువ ఖర్చులో ట్యాంక్ చల్లబరిచే పద్ధతులు చూద్దాం. అంతవరకు ఉంటాను, నమస్తే.